పొలం కాగితాలు కాదు... జీతం కాగితాలు!

వినుకొండకు ఆ పేరు ఎలా వచ్చిందంటే అక్కడివాళ్లు ఓ కథ చెబుతారు. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు విన్నది ఆ కొండమీదేనట. విన్న కొండ గనుక వినుకొండ అయిందట. భార్య దూరమైన కబురు భర్త చెవిన పడిన చోటన్నమాట.

ఇప్పుడు కబుర్లు మోసేది ఫోన్లు. పత్తి తీతలు అయ్యాయా, మిరపకాయలు కల్లానికి వచ్చాయా అని పలకరించే అమ్మాయి గొంతు ఓ రోజు తడబడుతుంది. ''నాన్నా, వీసా పొడిగించాలంటే ఈయన జీతం సరిపోదంటున్నారు'' అంటుంది. తండ్రికి అర్థం కాదు. ఎనిమిదెకరాల మాగాణి ఉంది, ఏసీలో రెండొందల టిక్కీల మిర్చి ఉంది, అమ్మాయి ఒంటిమీద బంగారం ఉంది. అటు వియ్యంకుడికీ లోటు లేదు. ఇంత ఉండీ చాలకపోవడమేమిటి?

చాలదు. బ్రిటన్ స్పౌజ్ వీసా దగ్గర మన ఆస్తి లెక్క ఒకటి, వాళ్ల కాగితం లెక్క మరొకటి. ఈ రెండింటి మధ్య తేడా తెలియక అవస్థపడటం కన్నా పెళ్లిచూపులనాడే తెలుసుకోవడం మేలు. ఈ వారం మాట అదే.

ఏ వీసా... ఏ లెక్క?

ముందు ఓ చిక్కుముడి విప్పుకుందాం. 'లండన్ సంబంధం' అన్నవన్నీ ఒకే గాటన కట్టకూడదు. అబ్బాయి అక్కడ వర్క్ వీసామీద ఉద్యోగం చేస్తున్నాడనుకోండి, పెళ్లికూతురు వెళ్లేది డిపెండెంట్‌గా. అక్కడ ప్రధానంగా చూసేది అతని ఉద్యోగానికి ఉన్న వీసా షరతుల్ని. ఆమె కోసం విడిగా వార్షికాదాయ పరిమితి లేదు. చదువుకోవడానికి వెళ్లినవాళ్ల సంగతి వేరు. 2024 జనవరి 1 నుంచి మొదలైన కోర్సుల్లో, పరిశోధన కోర్సులవాళ్లను మినహాయిస్తే, మిగతా విద్యార్థుల్లో చాలామందికి భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు లేదు. కేర్ వర్కర్లుగా కొత్తగా వెళ్లేవాళ్లకు 2024 మార్చి 11 నుంచి ఆ తలుపు మూసేశారు.

అబ్బాయి అక్కడి పౌరుడయినా, శాశ్వత నివాసం వచ్చినవాడయినా అప్పుడు పెళ్లికూతురికి కావలసింది అసలు సిసలు స్పౌజ్ వీసా. మనం మాట్లాడుకునేది దీని గురించే. మొదట 33 నెలలకు ఇస్తారు. అది అయిపోయేలోపు మరో 30 నెలలకు పొడిగించుకోవాలి. ఐదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి దరఖాస్తు. అంటే మొదటిసారి, పొడిగింపు, శాశ్వత నివాసం... మూడు గడపలు. మూడింటి దగ్గరా ఆదాయం చూపించాల్సిందే.

ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

2012కు ముందు ఇంత కచ్చితమైన అంకె లేదు. ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా బతకగలరని చూపిస్తే సరిపోయేది. థెరెసా మే హోంమంత్రిగా ఉన్నప్పుడు 2012 జులై 9న ఏడాదికి 18,600 పౌండ్లు అన్న గీత గీశారు. అంతకన్నా తక్కువ ఆదాయముంటే ఆ జంటకు ప్రభుత్వ భత్యాల అవసరం పడొచ్చన్నది దాని వెనక తర్కం. బ్రిటిష్ పౌరసత్వం లేని పిల్లలు వెంట ఉంటే మొదటి బిడ్డకు 3,800, ఆపై ఒక్కొక్కరికి 2,400 పౌండ్లు అదనం.

దీనిమీద కొన్ని కుటుంబాలు కోర్టుకెక్కాయి. 2017 ఫిబ్రవరి 22న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆదాయ పరిమితి పెట్టడం తప్పు కాదంది. అయితే పిల్లల మేలును నిబంధనల్లో సరిగా పట్టించుకోలేదనీ, ఇతర ఆదాయ మార్గాలను పూర్తిగా పక్కన పెట్టడం కూడదనీ తప్పుపట్టింది. అదే ఏడాది ఆగస్టులో నిబంధనలు కొంత సవరించారు. అసాధారణ పరిస్థితులు ఉంటే ఇతర ఆధారాలనూ పరిశీలించే వీలు అలా వచ్చింది.

2023 డిసెంబరులో అప్పటి ప్రభుత్వం ఆ గీతను ఏకంగా 38,700 పౌండ్లకు తీసుకెళ్తామని ప్రకటించింది. గగ్గోలు పుట్టాక మెట్లుమెట్లుగా పెంచుతామంది. మొదటి మెట్టుగా 2024 ఏప్రిల్ 11న 29,000 పౌండ్లు చేసింది. పిల్లలకు వేరే లెక్క తీసేసింది. ఆ జులైలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం పై మెట్లు ఎక్కకుండా ఆపి, వలసల సలహా సంఘాన్ని అధ్యయనం చేయమంది. నైపుణ్య ఉద్యోగులకు పెట్టిన జీతం గీతను కుటుంబాలకు వర్తింపజేయవద్దని 2025 జూన్‌లో ఆ సంఘం చెప్పింది.

29,000 పౌండ్లంటే, పౌండును 110 రూపాయలనుకున్నా, దాదాపు 32 లక్షలు. నెలకు 2,417 పౌండ్లు. ఇది పన్ను కోతకు ముందు లెక్క. చేతికొచ్చేది కాదు.

ఏది లెక్కకొస్తుంది, ఏది రాదు?

మన ఇళ్లలో కలిమి ఎక్కడుంటుంది? పొలంలో ఉంటుంది. ఏసీలో పెట్టిన సరుకులో ఉంటుంది. బీరువాలో ఉంటుంది. నలుగురికిచ్చిన చేబదుళ్లలో ఉంటుంది. విద్యార్థి వీసాలప్పుడు వీటన్నిటికీ విలువ కట్టించి, ఆడిటర్ సంతకం పెట్టించి కాగితం జతచేయడం చాలామందికి అలవాటే. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. పొలం విలువ లెక్కకు రాదు. బంగారం రాదు. నేనున్నానని మామగారు రాసిచ్చే హామీపత్రం మామూలుగా రాదు. మిర్చి యార్డులో ఇచ్చిన పట్టీ చూపించి ఏటా ఇంత రాబడి ఉందంటే, అదీ రాదు.

వచ్చేవి ఇవీ: అబ్బాయి అక్కడ చేసే ఉద్యోగం జీతం. సొంత వ్యాపారమైతే పన్ను కట్టిన లెక్కలు. ఇద్దరిలో ఎవరి పేరనైనా ఉన్న ఇల్లు అద్దెకిస్తే, ఆ అద్దె బ్యాంకులో పడుతున్నట్టు రుజువు. పెన్షన్. ఆపైన రొక్కం నిల్వ.

రొక్కం లెక్క కొంచెం తిరకాసు. నిల్వలో మొదటి 16,000 పౌండ్లు పక్కన పెట్టేస్తారు. మిగిలినదాన్ని రెండున్నరతో భాగిస్తారు. వచ్చినదే ఏడాది ఆదాయం కింద జమ. జీతం 2,000 పౌండ్లు తగ్గిందనుకోండి. ఆ లోటు పూడ్చడానికి 21,000 పౌండ్లు చూపించాలి. అంటే మన డబ్బులో 23 లక్షలు! జీతమే లేకుండా నిల్వ ఒక్కటే చూపించాలంటే 88,500 పౌండ్లు. కోటి రూపాయలకు అటూఇటూ.

ఆ డబ్బు కూడా ఆర్నెల్లు ఆ దంపతుల పేరనే, వాళ్లు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉండాలి. తండ్రి కానుకగా ఇవ్వొచ్చు. అప్పుగా ఇస్తే కుదరదు. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో వేసి వారం తర్వాత వెనక్కి తీసుకునే ఎత్తు ఇక్కడ పారదు. దీనికి ఒక సడలింపు ఉంది. దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపల పొలమో ఇల్లో అమ్మగా వచ్చిన సొమ్మయితే, ఆ ఆస్తి ఆర్నెల్ల కిందటి నుంచే వాళ్ల పేరన ఉంటే, ఆ సొమ్ము ఆర్నెల్లు నిల్వ ఉండాల్సిన పని లేదు. పసుపు కుంకుమ కింద ఇస్తామన్న ఎకరం మాట వరసకే ఉండిపోయి, పట్టా మాత్రం తండ్రి పేరనే ఉంటే అది అమ్మాయి ఆస్తి కింద నిలవదు. పొలం అమ్మేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇచ్చానన్నది కాగితం మీద కూడా ఇచ్చి ఉండటం మంచిదని మాత్రమే చెబుతున్నాను.

పొడిగింపు దగ్గర మారే సంగతి

ఇక అసలు విషయానికి వద్దాం. మొదటిసారి వీసా అడిగేటప్పుడు అమ్మాయి గుంటూరులోనో హైదరాబాదులోనో ఎంత జీతం తెచ్చుకుంటున్నా అది లెక్కలోకి రాదు. భారమంతా అబ్బాయి జీతం మీదే. పొడిగింపు దగ్గర అలా కాదు. స్పౌజ్ వీసామీద వెళ్లిన అమ్మాయికి అక్కడ ఉద్యోగం చేసుకునే హక్కు మొదటిరోజు నుంచే ఉంటుంది. ఆమె అక్కడ సంపాదించింది పొడిగింపు సమయంలో భర్త జీతంతో కలుపుతారు. ఇద్దరిదీ కలిసి గీత దాటితే చాలు.

ఈ ఒక్క మాట ఎంత తేడా తెస్తుందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఓ జంటను ఊహించుకోండి. అబ్బాయికి 29,500 పౌండ్ల ఉద్యోగం ఉండగా అమ్మాయి వెళ్లింది. రెండేళ్లకు ఆ కంపెనీ మూతపడింది. దొరికింది కనీస వేతనం ఉద్యోగం. 2025 ఏప్రిల్‌లో అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు చేశారు. వారానికి 37.5 గంటలు చొప్పున ఏడాదికి 23,810 పౌండ్లు. గీతకు 5,190 తక్కువ. అదే రేటున అమ్మాయి వారానికి తొమ్మిది గంటలు పనిచేస్తే ఏడాదికి 5,714 పౌండ్లు. రెండూ కలిపితే 29,524. గీత దాటేశారు!

తొమ్మిది గంటలంటే వారానికి ఒక రోజుకు కాస్త ఎక్కువ. తండ్రి ఇక్కడ పొలం బేరం పెట్టినా తేలిగ్గా పూడని లోటును అక్కడ కూతురి చిన్న ఉద్యోగం పూడుస్తుంది. ''మా కోడలు ఉద్యోగం చేయాల్సిన ఖర్మేమిటి'' అనే పెద్దలూ, ''వెళ్లాక చూద్దాంలే'' అనే అమ్మాయిలూ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఆమె జీతం చేతిఖర్చులకు కాదు. ఆ కాపురం ఆ దేశంలో నిలబడటానికి రెండో స్తంభం.

ఇంకో సంగతి. 2024 ఏప్రిల్ 11కి ముందే దరఖాస్తు చేసుకుని వెళ్లినవాళ్లు అదే జీవిత భాగస్వామితో పొడిగింపు కోరితే వాళ్లకు పాత 18,600 పౌండ్ల లెక్కే వర్తిస్తుంది. ఈ సంగతి తెలియక 29,000 లేదని బెంగపడాల్సిన పని లేదు.

ఆరు నెలల సూత్రం

ఆదాయం ఉండటం ఒక ఎత్తు, అది కనపడటం మరో ఎత్తు. ఒకే యజమాని దగ్గర ఆర్నెల్లకు పైగా చేస్తుంటే ఆ ఆర్నెల్ల పే స్లిప్పులు, అవే అంకెలు జమపడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, యజమాని ఇచ్చిన లేఖ పెట్టాలి. పే స్లిప్పులో ఉన్న నెల జీతం బ్యాంకులో కనపడకపోతే తంటా. చేతికి నోట్లు ఇచ్చి పని చేయించుకునేచోట ఎంత కష్టపడినా ఈ లెక్కలో అది సున్నా. ఆర్నెల్లలోపు ఉద్యోగం మారితే పన్నెండు నెలల సంపాదన చూపించాల్సి వస్తుంది. అందుకే వీసా గడువు దగ్గరపడుతుండగా, తప్పనిసరైతే తప్ప, ఉద్యోగం మారకపోవడమే క్షేమం.

గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. పొడిగింపు దరఖాస్తు సాధారణంగా ఆఖరి 28 రోజుల్లో పెడతారు. దానికి ఆర్నెల్ల ముందే జీతం కాగితాలు సర్దుకోవడం మొదలుకావాలి. అమ్మాయి ఉద్యోగంలో చేరాల్సింది కూడా అంతకుముందే. ఆదాయంతోపాటు ఇంగ్లిషు పరీక్ష మొదటిసారి కన్నా ఒక మెట్టు పైది రాయాలి. ఆరోగ్య సేవల రుసుము ఏడాదికి 1,035 పౌండ్ల లెక్కన రెండున్నరేళ్లకు 2,587 పౌండ్ల పైచిలుకు కట్టాలి. మన లెక్కలో అదే రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. దరఖాస్తు రుసుము అదనం. నెలనెలా కొంత పక్కన పెట్టకపోతే ఆఖరున అప్పు తప్పదు.

అమ్మాయి నెల తప్పిందనుకోండి, ప్రసూతి సెలవులో జీతం తగ్గుతుంది కదా అని కంగారుపడొద్దు. సెలవులో వెళ్లకముందు ఉన్న జీతాన్ని లెక్కలోకి తీసుకునే వీలు నిబంధనల్లో ఉంది. జబ్బుచేసి సెలవు పెట్టినప్పుడూ అంతే. భర్తకు అంగవైకల్య భత్యం లాంటివి వస్తుంటే 29,000 గీత బదులు కుటుంబం గడుస్తుందా లేదా అన్న తేలికపాటి లెక్కే చూస్తారు.

అన్నీ చేసినా గీత అందకపోతే? వెంటనే పెట్టె సర్దుకోమనరు. బ్రిటిష్ పౌరసత్వం ఉన్న బిడ్డ ఉన్నా, విడదీస్తే ఆ కుటుంబానికి తీరని కష్టం కలుగుతుందని తేలినా ఉండనిచ్చే అవకాశం ఉంది. కానీ అప్పుడు ఐదేళ్ల దారి కాస్తా పదేళ్ల దారి అవుతుంది. ప్రతి రెండున్నరేళ్లకూ మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుములు. ముఖ్యమైనది ఏమిటంటే గడువు దాటనివ్వకూడదు. గడువులోగా దరఖాస్తు పెడితే జవాబు వచ్చేదాకా పాత హక్కులతోనే ఉండొచ్చు. ఉద్యోగమూ చేసుకోవచ్చు. దాటితే ఆ రక్షణ పోతుంది.

వేరే దేశాల్లో...

అన్ని దేశాలూ ఇంత గట్టిగా లేవు. అమెరికాలో పౌరుడు భార్యకు గ్రీన్‌కార్డు అడిగితే పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి. తనకు చాలకపోతే అక్కడే నివాసమున్న మరో పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో తోడు పూచీ ఇవ్వొచ్చు. మన బాబాయిలూ పెదనాన్నలూ ఇచ్చే మాటకు అక్కడ చట్టంలో చోటుంది. కెనడాలో భార్యను పిలిపించుకోవడానికి మామూలుగా కనీస ఆదాయమే లేదు. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌లో 2019లో వృత్తిని బట్టి చూసే పద్ధతి తీసేసి, నెలకు 4,000 దిర్హమ్‌లు లేదా వసతితో కలిపి 3,000 ఉంటే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చన్నారు. బంధువు పూచీని బ్రిటన్ మామూలుగా ఒప్పుకోదు. కాబట్టి అమెరికా వెళ్లిన పెద్దమ్మ కూతురి అనుభవం లండన్ వెళ్లే చెల్లెలికి పనికిరాదు.

తాంబూలాలకు ముందే అడగండి

''బావగారూ, అబ్బాయి జీతమెంత?'' అని అడగటం మన దగ్గర కొత్త కాదు. ఇప్పటిదాకా అది హోదా ప్రశ్న. ఎవరో ఒక అంకె చెబుతారు, ఇవతలివాళ్లు తలూపుతారు. ఈ సంబంధాల్లో మాత్రం అది చట్టం ప్రశ్న. కాబట్టి ఇంకాస్త వివరంగా అడగాలి. అబ్బాయి పౌరుడా, శాశ్వత నివాసం ఉన్నవాడా, వర్క్ వీసానా? ఉద్యోగం ఎన్నాళ్లుగా చేస్తున్నాడు? జీతం బ్యాంకులో పడుతుందా? ఆర్నెల్ల పే స్లిప్పులు చూపించగలడా? ఇవి అడిగితే నొచ్చుకునే వియ్యంకుడితో తర్వాత కూడా కష్టమే. అలాగే అమ్మాయినీ అడగాలి. అక్కడ ఏ పని చేయగలవు, ఇక్కడున్నప్పుడే ఏం నేర్చుకుని వెళ్తావు అని.

తల్లిదండ్రులు మనసులో పెట్టుకోవాల్సింది మరొకటి ఉంది. అమ్మాయి అక్కడ ఉండటం భర్త పే స్లిప్పుతో ముడిపడినప్పుడు, చెడ్డవాడి చేతిలో ఆ కాగితం బెదిరింపు అవుతుంది. 'నేను సంతకం పెట్టకపోతే నీ వీసా ఏమవుతుందో చూసుకో' అనే రకం మనుషులు ఎక్కడైనా ఉంటారు. అందుకే ఈ మాట అమ్మాయికి వెళ్లకముందే చెప్పి పంపండి. స్పౌజ్ వీసామీద ఉన్న భార్య భర్త హింస వల్ల కాపురం వదులుకోవలసి వస్తే, శాశ్వత నివాసానికి సొంతంగా దరఖాస్తు చేసుకునే దారి బ్రిటన్ చట్టంలో ఉంది. ఆ దరఖాస్తుకు జీతం లెక్క అడగరు. భర్త సంతకమూ అక్కర్లేదు. వీసా పోతుందన్న భయంతో దెబ్బలు భరించాల్సిన అవసరం లేదు.

నిబంధనలు మారుతుంటాయి. 2012లో ఒక అంకె, 2024లో మరో అంకె. దరఖాస్తు పెట్టే రోజున ఏది అమల్లో ఉందో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి. గుర్తింపు ఉన్న సలహాదారును అడగండి. ట్రావెల్స్ ఆఫీసులో ఎవరో చెప్పారని, పక్కింటివాళ్ల అబ్బాయికి అలాగే అయిందని నమ్మి ముందుకు పోవద్దు.

మనం ఆడపిల్లకు సారె పెట్టి పంపుతాం. పచ్చళ్లూ కారప్పొడీ మూటకట్టి పంపుతాం. ఈసారి ఆ పెట్టెలో ఇంకో మూడు పెట్టండి. ఆమె డిగ్రీ సర్టిఫికెట్లు, ఇక్కడ ఉద్యోగం చేసినట్టు అనుభవ పత్రాలు, అక్కడ దిగీదిగగానే తన పేరుమీద బ్యాంకు ఖాతా తెరవమన్న మాట. రెండున్నరేళ్ల తర్వాత వీసా పొడిగింపు కాగితాలు సర్దేటప్పుడు వాటి విలువ ఏమిటో ఆమే ఫోన్ చేసి చెబుతుంది.